బెల్టు జానెడు తక్కువొచ్చింది

మనవరాలిని కారులో కూర్చోబెట్టేదానికి కొన్న మొదటి పిల్లల సీటు కథ నలభై నిమిషాల్లో ముగిసింది. పదకొండు వేలు పెట్టి మా అల్లుడు ఆన్‌లైన్‌లో తెప్పించినాడు. పెద్ద అట్టపెట్టె, లోపల సింహాసనం మాదిరి సీటు. దాన్ని మా కారు వెనక సీటు మీద వెనక్కి తిప్పి పెట్టి, కారు బెల్టు మొత్తం లాగి, సీటు పొట్ట చుట్టూ తిప్పి, క్లిప్పును లాకు దగ్గరికి తెచ్చేసరికి రెంటికీ మధ్య నా చేత్తో జానెడు ఖాళీ మిగిలింది. నేను లాగినా అంతే, అల్లుడు లాగినా అంతే. బావి లోతైతే చేంతాడుకు ఇంకో ముక్క కట్టుకుంటాం. సీటు బెల్టుకు ముక్క కట్టే పని లేదు, కట్టకూడదు కూడా.

నేను ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్ళు స్టీరింగ్ పట్టినోణ్ణి. చివరి ఆరేళ్ళు కొత్త డ్రైవర్లకు పాఠాలు చెప్పే సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టరుగా చేసి రిటైరైనా. ఇల్లు కర్నూల్లో, కల్లూరు వైపు. కారు 2014 మోడలు. పేరెందుకులెండి, మా ఊళ్ళో ప్రతి వీధిలోనూ నాలుగుంటాయి. ఎత్తుగా, అగ్గిపెట్టెను నిలబెట్టినట్టు ఉంటుంది. పొడవు 3.6 మీటర్లు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2,400 మిల్లీమీటర్లు. ఎయిర్‌బ్యాగులు లేవు. పిల్లల సీటు తగిలించుకునే ఐసోఫిక్స్ కొక్కేలు లేవు. ఉన్నదంతా మామూలు బెల్టు.

మా పాప తొలి కాన్పుకు ఇంటికొచ్చింది. మనవరాలు పుట్టింది. ఆరు వారాలకు, పది వారాలకు, పద్నాలుగు వారాలకు టీకాలు. అయిదో నెల్లో హైదరాబాదు ప్రయాణం. ఈలోపల మేం రెండు సీట్లు చూసినాం, రెండు షాపులు తిరిగినాం. ఆ సంగతి తెలిసి మా పాత డిపో వాళ్ళు అయిదారుగురు ఫోన్లు చేసి, "అన్నా, చిన్న కారులో అది పడుతుందా?" అని అడిగినారు. అందరికీ ఒకటే కథ మళ్ళీ మళ్ళీ చెప్పలేక రాస్తున్నా.

పడుతుంది. కానీ ఏ సీటు పడితే ఆ సీటు పట్టదు.

ముందు నా సంగతి ఒప్పుకోవాల. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు పసిబిడ్డ మా ఆవిడ ఒళ్ళోనే వచ్చింది. డ్రైవర్లకు బెల్టు గురించి ఆరేళ్ళు గొంతు చించుకున్న మనిషిని, నేనే బండి నడిపినా. నాలుగు కిలోమీటర్లే గదా అనుకున్నా. అల్లుడు సీటు మాటెత్తినప్పుడు కూడా నవ్వినా. "ఏంది నాయనా, బిడ్డ ముందుకు చూడకుండా వెనక సీటు దిక్కు చూస్తా పోవాల్నా? తల తిరగదా?" అన్నా. ఆ పిల్లోడు వాదించలేదు. "మామా, మీరే చెప్పినారు గదా, బ్రేకు వేస్తే బస్సులో జనం ఎటు పడతారో" అన్నాడు.

ఆ మాట కొట్టింది నన్ను. పాత పల్లె బస్సుల్లో కొన్నిటికి డ్రైవరు వెనక ఇనుప జాలీకి ఆనుకుని, వెనక్కి తిరిగిన సీటు ఒకటి ఉండేది. దాంట్లో కూర్చునేదానికి ఎవరూ ఇష్టపడరు, ఎదురుగా ఉన్నోళ్ళ మొగాలు చూస్తా పోవాల గదా. ఒకసారి నందికొట్కూరు దాటినాక గట్టు మీద నుంచి బర్రె ఒకటి ఉన్నట్టుండి రోడ్డు మీదికి దూకింది. నిలబెట్టి బ్రేకు తొక్కినా. బర్రె బతికింది. బస్సులో ముందుకు చూస్తా కూర్చున్నోళ్ళలో ముగ్గురికి ముందు సీటు కడ్డీకి కొట్టుకుని పెదాలు పగిలినాయి, ఒకాయన పన్ను ఊడింది. ఆ వెనక్కి తిరిగిన సీట్లో ఒక ముసలామె ఒళ్ళో కోడిగంప పెట్టుకుని ఉన్నింది. ఆమెకేం కాలేదు. వీపు జాలీకి ఒత్తుకుంది, అంతే. గంపలో కోళ్ళు కూడా అరిచినాయే గానీ బయట పడలేదు. ఆ పొద్దు అది అదృష్టం అనుకున్నా.

చంటిపిల్లల విషయంలో ఇది ఇంకా పెద్ద సంగతి. పుట్టిన బిడ్డ పొడవులో తలే దాదాపు నాలుగో వంతు. మెడ ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు, సగం మెత్తని మృదులాస్థే. ముందుకు తిప్పి కూర్చోబెడితే, బండి గుద్దుకున్నప్పుడు పట్టీలు ఒంటిని పట్టుకుంటాయి, ఆ బరువు తల మాత్రం ముందుకు విసురుతుంది. మెడ తట్టుకోలేదు. వెనక్కి తిప్పితే తలా మెడా వీపూ మూడూ ఒకేసారి సీటు చిప్పకు ఒత్తుకుంటాయి, దెబ్బ ఒక్కచోట పడకుండా వీపంతా పరుచుకుంటుంది. వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో మూడు చోట్ల పట్టే బెల్టు తెచ్చినాడని నేను డ్రైవర్లకు పాఠం చెప్పేటోణ్ణి. అదే స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ప్రొఫెసరు, వ్యోమగాములు రాకెట్లో వెల్లకిలా ఆనుకునే తీరు చూసి, 1964లో వెనక్కి తిరిగిన పిల్లల సీటును తయారు చేసినాడని మాత్రం మొన్న అల్లుడు చెప్తేనే తెలిసింది. ఆ దేశంలో నాలుగేళ్ళ దాకా పిల్లల్ని అట్లే కూర్చోబెడతారంట. యూరప్ కొత్త నిబంధన, ఆర్129 అంటారు, దాని ప్రకారం పదిహేను నెలలు నిండేదాకా ముందుకు తిప్పనే కూడదు.

నేను ఒప్పుకున్నా. మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆమె మాట ఒక్కటే: "నా ఒడి కన్నా గట్టి సీటు యాడుంది?" దీనికి పాఠాలు పనిచేయవు, లెక్క పనిచేస్తుంది. గంటకు యాభై కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు పద్నాలుగు మీటర్లు. ఆ వేగంలో బండి దేనికైనా గుద్దుకుని, సెకనులో పదో వంతులో నిలిచిపోయిందనుకో. అయిదు కిలోల బిడ్డ ఆ క్షణానికి డెబ్భై కిలోల బరువై ముందుకు లాగుతుంది. యూరియా మూట నలభై అయిదు కిలోలు. "ఒకటిన్నర యూరియా మూట ఎవరో నీ చేతుల్లోంచి ఈడ్చుకుంటే పట్టుకుంటావా?" అని అడిగినా. రైతు బిడ్డ, మూట బరువు తెలుసు. పలకలేదు. కానీ పలకకపోవడం అంటే ఒప్పుకున్నట్టు కాదు, ముప్పై ఆరేళ్ళ సంసారంలో అది నాకు తెలుసు.

సరే, ఆ మొదటి సీటు. దాని తప్పేం లేదని ముందే చెప్తున్నా. పుట్టినప్పటి నుంచి 18 కిలోల దాకా వాడుకోవచ్చు. మొదట్లో వెనక్కి, తర్వాత ముందుకు తిప్పుకోవచ్చు. కన్వర్టిబుల్ అంటారు. మెత్తటి గుడ్డ, మంచి పట్టీలు. నారింజ రంగు చీటీ మీద గుండ్రంలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం, పక్కన అంకె, కింద ఆర్44/04 అని ఉంది. అంటే పరీక్ష పాసైన సీటే. వస్తువు మంచిదే, మా బండికి కుదర్లేదు. పెళ్ళిసంబంధం మాదిరి ఇది. పిల్లాడు మంచోడే, పిల్లా మంచిదే, జాతకాలు కలవలేదు. అందుకే దాని పేరు రాయడం లేదు. అదే సీటు ఇంకో బండిలో చక్కగా కూర్చోవచ్చు.

బెల్టొక్కటే కాదు, చోటు కూడా చాల్లేదు. ఇట్లాంటి సీటు వెనక్కి తిప్పితే బాగా వాలి ఉండాల. పసిబిడ్డ మెడ నిలబడదు గదా, నిటారుగా పెడితే తల ముందుకు వాలి గడ్డం రొమ్ముకు ఆనుతుంది, ఊపిరి ఆడే దారి ముడుచుకుంటుంది. అందుకే సగానికి సగం వాలుండాలని సీటు పక్కన గీత ఒకటి వేసి ఉంటారు. బండి చదును నేల మీద ఉన్నప్పుడు ఆ గీత నేలకు సమంగా ఉండాల. మా ఇంటి ముందు వీధి హంద్రీ నది వైపు వాలుగా ఉంటుంది. మొదట అక్కడే పెట్టి చూసి, గీత కలవక అరగంట కొట్టుకున్నాం. తర్వాత బుద్ధి వచ్చి బండిని చదునైన చోటికి తీస్కపోయినాం. గీత కలిసింది. కలిసేసరికి సీటు నెత్తి ముందు సీటు వీపును తోస్తా ఉంది. ముందు ఎడమ సీటును జరుపుకుంటా పోతే, చివరికి దాని అంచుకూ డాష్‌బోర్డుకూ మధ్య నా మోకాలు కాదు గదా, మా ఆవిడ చేతిసంచి కూడా పట్టలేదు. డ్రైవరు సీటు వెనక పెడదామా అంటే నేను అయిదడుగుల పదకొండు అంగుళాలు. స్టీరింగుకు ముక్కు ఆనించి నడపలేను.

మధ్యలో? మా బండిలో మధ్య సీటుకు నడుము బెల్టే ఉంది, భుజం మీది పట్టీ లేదు. ఈ సీటుకు మూడు చోట్ల పట్టే బెల్టే కావాలని దాని పుస్తకంలో ఉంది. అంతటితో మూడు దారులూ మూసుకుపోయినాయి. సీటు పెట్టెలోకి పోయింది, పెట్టె హైదరాబాదు పోయింది. అల్లుడి కొత్త కారులో ఐసోఫిక్స్ ఉంది, కానీ ఈ సీటు బెల్టుతోనే బిగించే రకం. ఆయన బండి బెల్టు పొడుగు కాబట్టి కుదిరింది. చూడండి మరి, అదే సీటు.

ఇక్కడ ఒక షాపు సంగతి చెప్పాల. పేరు వద్దు. పిల్లల సామాన్ల పెద్ద షాపు, ఏసీ, అద్దాలు. సీటు కావాలన్నాం. "ఇది అన్ని కార్లకూ సెట్ అవుతుంది సార్, యూనివర్సల్" అన్నాడు ఆ అబ్బాయి. కారు కిందనే ఉంది, ఒకసారి పెట్టి చూద్దాం రా నాయనా అంటే, బిల్లు కొట్టకుండా సరుకు బయటికి పోదన్నాడు. బిల్లు కొట్టి చూసి సరిపోకపోతే వాపసు తీసుకుంటారా అంటే, కవరు విప్పితే తీసుకోం అన్నాడు. కవరు విప్పకుండా సీటు ఎట్ల బిగించాల్నో ఆ అబ్బాయికే తెలియాల. యూనివర్సల్ అనే మాట ఆ చీటీ మీద నిజంగానే ఉంటుంది. ఆ రకం అని పాసు చేయించిన సీటు అని దానర్థం. మీ బండిలో పడుతుందని ఎవరూ పూచీ ఇవ్వడం లేదు. అయిదు నిమిషాల్లో బయటికొచ్చేసినాం.

రెండో షాపు చిన్నది. సైకిళ్ళు, ఉయ్యాలలు, నడకబండ్లు, వాటి మధ్యలో నాలుగు కార్ సీట్లు దుమ్ము కవర్లలో. నడిపే ఆయనకు నా వయసే ఉంటుంది. నేను నోరు తెరవకముందే "బండేది సార్?" అని అడిగినాడు. చెప్తే, లోపల ఉన్న పెద్ద సీటు దిక్కు చూడను కూడా చూడలేదు. బుట్ట మాదిరి ఉన్న చిన్న సీటు తీసినాడు. చేతిపిడి ఉంటుంది, బిడ్డతో సహా ఎత్తుకుని పోవచ్చు. పుట్టినప్పటి నుంచి 13 కిలోల దాకా, ఎప్పుడూ వెనక్కే, ముందుకు తిప్పే పనే లేదు. ఇంట్లో మేం దాన్ని బుట్ట అనే అంటాం. "ముందు బండిలో పెట్టి చూద్దాం, కుదిరితేనే డబ్బులు" అన్నాడు. ఈ ఒక్క మాటకు అయిదుకు అయిదు నక్షత్రాలు ఇస్తా. సీటుకు నాలుగే.

ఆయనతో పాటు ఒక కుర్రోడు వచ్చినాడు, పదిహేడు పద్దెనిమిది ఉంటాయేమో. ఎడమ వెనక సీటు మీద బుట్టను వెనక్కి తిప్పి పెట్టినాడు. ఎడమ ఎందుకంటే దిగేటప్పుడు ట్రాఫిక్కు వైపు కాకుండా రోడ్డు పక్కకు దిగొచ్చు. బుట్టకు రెండు పక్కలా నీలం రంగు కొక్కేలు, వీపు వెనక ఒక నీలం రంగు కొక్కెం. వెనక్కి తిరిగిన సీటుకు బెల్టు దారి నీలం, ముందుకు తిరిగినదానికి ఎరుపు. ఇది చాలా సీట్లకు ఒకటే గుర్తు. నడుము బెల్టు బిడ్డ కాళ్ళ మీదుగా రెండు పక్క కొక్కేల కిందికి, భుజం బెల్టు చుట్టూ తిరిగి బుట్ట వీపు వెనక కొక్కెంలోకి. బెల్టు మొత్తం వచ్చింది. లాగి క్లిప్పు వేస్తే టక్కుమని పడింది. ఎంత మిగిలిందని చూసినా. బెత్తెడు. జానెడు తక్కువ ఉన్న చోట బెత్తెడు మిగిలింది. నాకు పెళ్ళి కుదిరినంత సంతోషమైంది.

ఆ కుర్రోడు ఆపలేదు. ఎడమ మోకాలు బుట్ట కింద సీటు దిండు మీద పెట్టి బరువంతా వేసి, రెండు చేతులతో భుజం బెల్టు పైకి లాగినాడు. దిండు అణిగింది, బెల్టు ఇంకో నాలుగు వేళ్ళు లోపలికి పోయింది. మన బండ్లలో బెల్టు మామూలుగా లాగితే వస్తుంది, ఉన్నట్టుండి గుంజితేనే పట్టుకుంటుంది. ముసలి కాపలాదారు మాదిరి, గొడవయితేనే లేస్తాడు. అందుకని బిగించేటప్పుడే వదులు లేకుండా లాగాల, ఆ బిగువును పట్టి ఉంచే క్లిప్పు సీటుకుంటే వేసుకోవాల. తర్వాత కుర్రోడు బెల్టు పోయే చోట బుట్టను పట్టుకుని ఇటూ అటూ ఊపినాడు. అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు. ఎత్తి పట్టుకునే పిడి దగ్గర ఊపితే ఏ సీటైనా కొంచెం ఊగుతుంది, దాన్ని చూసి బెదిరిపోవద్దు. చూడాల్సింది బెల్టు దారి దగ్గర.

ఇంకొకటి వాడు చూపించినాడు, నేను ముప్పై ఒక్క ఏళ్ళలో గమనించనిది. కారు బెల్టు లాకు ఒక తోక మీద నిలబడి ఉంటుంది గదా. ఆ తోక పొడుగైతే, లాకు వచ్చి సరిగ్గా సీటు ప్లాస్టిక్ అంచు మీద పడుతుంది. గట్టిగా లాగినకొద్దీ లాకు ఆ అంచు మీద అడ్డంగా వంగుతుంది. గుద్దినప్పుడు విరగొచ్చు, ఊడొచ్చు. మా బండిలో తోక పొట్టిది, లాకు దిండు సందులోనే ఉంది, అంచుకు తగల్లేదు. కుర్రోడు టార్చి వేసి మరీ చూపించినాడు. వాడికి యాభై ఇవ్వబోతే తీసుకోలేదు. టీ తాగినాడు.

బుట్ట 5,200 పడింది. ముందు ఎడమ సీటు మామూలు చోటు నుంచి నాలుగు మెట్లు ముందుకు జరిగింది. పొట్టి మనిషైతే కూర్చోవచ్చు, నా ఎత్తు మనిషి కూర్చోలేడు. మా ఆవిడ ఎట్లా వెనకే, బిడ్డ పక్కనే కూర్చుంటుంది కాబట్టి మాకు ఆ సీటు ఖాళీ. ఇంట్లో నలుగురు పెద్దోళ్ళు ఒకే బండిలో పోవాలంటే మాత్రం చిన్న కారులో ఈ లెక్క సాగదు, అది ముందే తెలుసుకోండి. ముందు సీటు వీపు బుట్టకు ఆనొచ్చా, ఆనకూడదా అన్నది సీటు పుస్తకంలో రాసి ఉంటుంది. కంపెనీకి ఒక తీరు.

మా డిపో వాళ్ళ కోసం: చక్రాల మధ్య దూరం ఆల్టో 800లో 2,360 మిల్లీమీటర్లు, టియాగోలో 2,400, క్విడ్‌లో 2,422, 2019 తర్వాతి వ్యాగన్‌ఆర్‌లో 2,435, స్విఫ్ట్‌లో 2,450. చూస్తే తేడా తొమ్మిది సెంటీమీటర్లే. కానీ ఈ అంకెను నమ్ముకుని కొనొద్దు. వెనక సీటు దిండు ఎంత వాలుంది, తలుపు ఎంత తెరుచుకుంటుంది, బెల్టు ఎంత పొడుగుంది, ఇవి కంపెనీ కాగితాల్లో ఉండవు. భద్రతకని బండ్లకిచ్చే నక్షత్రాలూ అంతే. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ అని మన దేశంలోనే బండ్లను గుద్ది చూస్తున్నారు, పిల్లల రక్షణకు విడిగా 49 మార్కులు. ఏడాదిన్నర బిడ్డ, మూడేళ్ళ బిడ్డ లెక్కన బొమ్మల్ని కూర్చోబెడతారు. మంచిదే. అయితే ఆ పరీక్షలో పెట్టిన సీటు వేరు, మీరు కొన్నది వేరు.

కొత్త బండి ఉన్నోళ్ళకు పని తేలిక. వెనక సీటు దిండుకూ వీపుకూ మధ్య వేలు పెడితే రెండు ఉక్కు కడ్డీలు తగులుతాయి, వాటి మధ్య 280 మిల్లీమీటర్లు, ఏ దేశం బండికైనా అదే కొలత. సీటు కొమ్ములు వాటిలో టక్కుమని పడతాయి, బెల్టు గొడవ లేదు. కాకపోతే ఐసోఫిక్స్ సీటు ధర మా బుట్టకు మూడింతలు పైనే, చాలావాటికి కారు నేల మీద ఆనే కాలొకటి ఉంటుంది. కాలు ఆనే చోట నేల కింద డబ్బా మాదిరి అర ఉంటే కూడదు, బండి పుస్తకం చూసుకోవాల.

కొత్త బండోళ్ళకే ఒక గట్టి మాట. 2022 నుంచి అమ్మే కార్లకు ముందు రెండు వైపులా ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి. ముందు సీట్లో వెనక్కి తిరిగిన సీటు పెడితే, బిడ్డ తల సరిగ్గా ఆ ఎయిర్‌బ్యాగు మూతకు ఎదురుగా ఉంటుంది. గుద్దినప్పుడు అది రెప్పపాటు కన్నా ముందే పేలి సీటు వీపును కొడుతుంది. పెద్దోళ్ళను కాపాడేదే బిడ్డను చంపుతుంది. ఎండ అడ్డం పెట్టే మూత మీద బొమ్మ వేసి అడ్డగీత కొట్టి ఉంటారు, మనం దాన్ని చూడనే చూడం. మా పక్కింటాయన "వెనక పెడితే బిడ్డ కనపడదు, ముందే పెట్టుకుంటా" అన్నాడు. ఆయన బండి దగ్గరికి తీస్కపోయి ఆ బొమ్మ చూపించినా. వెనకే పెట్టుకున్నాడు.

ఇప్పుడు అసలు యుద్ధం. సీటు కుదిరింది, ఇంట్లో ఆడోళ్ళు కుదరాల. మొదటి రోజు చూస్తే బుట్టలో ఆవాల దిండు ఉంది. తల గుండ్రంగా రావాలని మా ఆవిడ కుట్టింది. తీసేయమంటే "గట్టి ప్లాస్టిక్ మీద తల పెడతారా?" అని. ఆ దిండు తల కింద పెడితే తల ముందుకు వంగుతుంది, మళ్ళీ గడ్డం రొమ్ముకు ఆనే కథే. దిండు మంచం మీదికి పోయింది. రెండో రోజు పొత్తిళ్ళు. బిడ్డను గట్టిగా చుట్టి, ఆ చుట్టను తెచ్చి బుట్టలో పెట్టింది. పట్టీ కాళ్ళ సందులోంచి రావాల గదా, పొత్తిళ్ళలో కాళ్ళేవి? ముందు పట్టీలు వేసి, తర్వాత పైన గుడ్డ కప్పాలని చెప్పినా. స్వెట్టరు కూడా అంతే; మందం గుడ్డ మీద బిగించిన పట్టీ గుడ్డను పట్టుకుంటుంది, బిడ్డను కాదు. పట్టీ బిగువు చూసేదానికి మా పాప నేర్పించింది: భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లు. మడత చేతికి వస్తే వదులు, రాకపోతే సరి. వెనక్కి తిరిగిన సీట్లో పట్టీలు బిడ్డ భుజానికి సమంగానో, ఇంకొంచెం కిందనుంచో రావాల. మూడో టీకాకు పోయే లోపలే మేం ఒక మెట్టు పైకి మార్చినాం.

దిష్టి తాడు మాత్రం ఉంది, చేతిపిడికి నల్ల దారం. దాంతో నాకు పేచీ లేదు.

తక్కువ మార్కు ఎందుకంటే గుడ్డ. ఏ ఊరికి కుట్టినారో గానీ కర్నూలు ఎండకు కాదు. ఏప్రిల్లో నీడలో నిలబెట్టిన బండిలో కూడా పట్టీ లాకు చెయ్యి చుర్రుమనేది. బిడ్డ వీపు తడిసి ముద్ద. పైన వేసుకునే మెత్తలు బయట అమ్ముతారు, కానీ సీటుతో రానిది కింద వేయొద్దని పుస్తకంలో ఉంది. మేం చేసింది: బండి దిగగానే బుట్ట మీద తెల్ల పంచె కప్పడం, ఎక్కే పది నిమిషాల ముందు తలుపులు తెరిచి ఏసీ వేయడం, లాకును మన చేత్తో తాకి చూసినాకే బిడ్డను పెట్టడం. బిడ్డను బండిలో వదిలి ఒక్క నిమిషానికని షాపులోకి పోవడం అనేది ఎండాకాలం కాదు, ఏ కాలంలోనూ కూడదు. రెండో తక్కువ బరువు: బుట్టే మూడున్నర కిలోలు, బిడ్డ ఏడు. రెండంతస్తులు ఎక్కేసరికి నా భుజం నాకు గుర్తుచేసింది, రిటైరైనావని.

అయిదో నెల్లో హైదరాబాదుకు. బండి నేనే తోలినా. అలంపూర్ చౌరస్తా దాకా నిద్ర, ఆ తర్వాత రాగం. బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున ఆపినాం. పాలిచ్చేదానికైనా, ఏడుపు ఆపేదానికైనా నడిచే బండిలో పట్టీలు విప్పేది లేదని ముందే అనుకున్నాం. ఆంజనేయస్వామి గుడి దగ్గర నీడలో అరగంట. చంటిపిల్లలు వాలిన సీట్లో గంటల తరబడి ఉండకూడదు, రెండు గంటలకోసారి తీసి ఒళ్ళో వేసుకోవాల. కొత్తకోట దాటినాక ఒకసారి, జడ్చర్ల దగ్గర ఒకసారి. బస్సు మాదిరి రెండొందల పదో ఎంతో కిలోమీటర్లను మూడున్నర గంటల్లో కొట్టాలనే పాత బుద్ధిని పక్కన పెట్టినా. అయిదున్నర పట్టింది.

షాద్‌నగర్ దాటినాక ముందు లారీ ఒకటి సైగ లేకుండా మా వరుసలోకి వచ్చింది. బ్రేకు తొక్కినా. పెద్ద బ్రేకే. వెనక నుంచి నీళ్ళ సీసా వచ్చి గేరు దగ్గర పడింది. మా ఆవిడ బెల్టు పెట్టుకునే ఉన్నింది, అయినా ముందుకు ఊగి చెయ్యి ముందు సీటుకు ఆనించింది. బిడ్డ దిక్కు చూసింది. బుట్ట ఉన్న చోటే ఉంది. బిడ్డ కళ్ళు తెరిచి చూసి, మళ్ళీ మూసుకుంది. మా ఆవిడ నాతో ఏమీ అనలేదు, చాలాసేపు.

చలానా సంగతి అడిగినోళ్ళకు: 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షను ఉంది, పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బెల్టుతోనో పిల్లల సీటుతోనో కట్టకుండా తీస్కపోతే వెయ్యి రూపాయలు. మా వైపు ఎవరైనా ఆపి అడగ్గా నేను చూడలేదు.

కాళ్ళు ముడుచుకుపోతాయని ఒకాయన అడిగినాడు. ముడుచుకోనీ. పిల్లలు నేల మీద కూడా అట్లే కూర్చుంటారు. చూడాల్సింది తల. నెత్తికీ సీటు పై అంచుకూ మధ్య అంగుళం ఉన్నంత కాలం బుట్ట పనికొస్తుంది. మా మనవరాలికి ఇప్పుడు మూడు వేళ్ళుంది. ఎవరిదైనా పాత బుట్ట ఇస్తామంటే, అది ఒక్కసారైనా గుద్దుడు తిన్న బండిలో ఉన్నిందా అని అడిగి తీసుకోండి; పైకి పగులు కనపడకపోవచ్చు. వెనక ప్లాస్టిక్ మీద తయారైన తేదీ అచ్చు వేసి ఉంటుంది, అదీ చూసుకోండి.

బిడ్డ ఇప్పుడు హైదరాబాదులో పెద్ద సీట్లో తిరుగుతుంది. బుట్ట మా బండిలోనే ఉంది. పండగకు వస్తారు, విప్పి అటక మీద పెడదామంటే మా ఆవిడ వద్దనింది. మళ్ళీ మోకాలు పెట్టి బిగించేదానికి ఆ కుర్రోడు దొరకడంట. మొన్న సి.క్యాంపు రైతుబజారుకు పోయి వస్తా, వెనక ఏదో టక్కుమంటే అద్దంలో చూసినా. బుట్టలో గుమ్మడికాయ. మా ఆవిడ దానికి పట్టీలు వేసి, లాకు పెట్టి, భుజం దగ్గర రెండు వేళ్ళతో గిల్లి చూస్తా ఉంది.